ఒకటిన్నర సెకను

మా నాన్న తాపీమేస్త్రీ. నేను ఫిజిక్సు లెక్కలు చేస్తుంటే పక్కన చేరి బుర్ర తింటాడు. నిన్నా అంతే.

"పన్నెండు మీటర్ల ఎత్తు నుంచి ఇటుక జారితే, కింద పడ్డానికి ఎంతసేపు పడుతుందే?" అన్నాడు.

విసుక్కుంటూనే లెక్క కట్టాను. "ఒకటిన్నర సెకను. బరువెంతైనా అంతే."

అప్పుడు గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాను. ఆరేళ్ల కిందట నాన్న చేతిలోంచి జారిన ఇటుక తగిలే, కింద సిమెంటు తట్టతో వెళుతున్న మామయ్య పోయాడు.

"అంత తక్కువ టైములో నువ్వు మాత్రం ఏం చేయగలవు నాన్నా? అరవడానికి కూడా వీలుండదు" అన్నాను.

"అరిచానే. 'బావా' అని పిలిచాను. తన మానాన తను పోతున్నవాడు, ఆగి పైకి చూశాడు."