ఎనిమిది మంగళవారాల పోస్టింగ్

జనవరి ఏడో తారీఖు, మంగళవారం. ఉదయం పదకొండూ పదికి క్యాసినోలోని పోకర్ గదిలో రిపోర్ట్ చేశాను. బయట మైనస్ పద్నాలుగు. పార్కింగ్‌లో ఉప్పు చల్లారు గానీ మంచు ఇంకా పట్టు వదల్లేదు. స్నో బూట్లు, ఉన్ని టోపీ, కళ్ళజోడు, ఫ్లాస్కులో అల్లం టీ, జేబులో నూట యాభై డాలర్లు. అదీ నా కిట్.

ఫ్లాస్కు గుమ్మం దగ్గరే ఆపేశారు. మొదటి నష్టం.

గది గురించి చెప్పాలి, మీలో చాలామంది అలాంటి చోట అడుగు పెట్టి ఉండరు. కిటికీలు లేవు. గోడ గడియారం లేదు. ఏడు బల్లలు, ఆ పూట నడుస్తున్నవి నాలుగు. బల్ల కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. పొడుగు వైపు మధ్యలో డీలరు, చుట్టూ తొమ్మిది మంది. నాకు కొసన ఉన్న కుర్చీ దొరికింది. ముక్కలు తెరిచే చోటు నాకు నాలుగడుగుల దూరం. పైన పసుపు దీపం. ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోండి. నేను ఆ రోజు పట్టించుకోలేదు.

నాకిప్పుడు డెబ్బై ఏడు. ఆర్మీలో నర్సింగ్ ఆఫీసరుగా ఇరవై రెండేళ్ళు చేసి మేజరుగా రిటైరయ్యాను. ఒక చలికాలం కొండల్లో ఫీల్డ్ హాస్పిటల్లో ఉండగా రోడ్డు మూసుకుపోయింది. అప్పుడు మా సర్జన్ గారు పోకర్ నేర్పారు. పందెం అగ్గిపుల్లలు. "సిస్టర్, బుర్ర పనిచేస్తోందో లేదో తెలియాలంటే దీన్ని మించిన పరీక్ష లేదు" అనేవారు. రోడ్డు తెరిచాక మళ్ళీ ఆడలేదు. కెనడాకి, ఈ మిస్సిసాగాకి వచ్చాక పదకొండేళ్ళుగా శనివారాలు మన తెలుగు ఆడవాళ్ళతో రమ్మీ. అంతే.

మళ్ళీ పోకర్ దాకా ఎందుకు వెళ్ళానంటే, కారు తాళం కోసం.

నవంబరులో ప్లాజా పార్కింగ్‌లో స్తంభానికి కారు గీసుకుంది. పది రోజుల తర్వాత నాలుగు వందల ఒకటో హైవే మీద నా ఎగ్జిట్ దాటిపోయి మిల్టన్ దాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఆ రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయి సునీత చెయ్యి చాపింది.

"అమ్మా, తాళం ఇచ్చెయ్. నావల్ల కాదు ఈ టెన్షన్."

"ఎగ్జిట్ ఎవరైనా మిస్ అవుతారు."

"మెమరీ కూడా తగ్గుతోందమ్మా. మొన్న పాలు రెండుసార్లు తెచ్చావ్."

"సేల్ ఉందని తెచ్చాను. ఒక్కొక్కరికి ఒక్కటే అన్నాడు, అందుకే రెండుసార్లు వెళ్ళాను."

దానికి నవ్వొచ్చింది గానీ చెయ్యి వెనక్కి తీయలేదు.

మా ఇంటి నుంచి బస్టాపు పన్నెండు నిమిషాల నడక. మైనస్ పద్నాలుగులో అది చాలా దూరం. తాళం పోతే రమ్మీకి, లైబ్రరీకి, చివరికి కొత్తిమీర కట్టకి కూడా ఒకరిని అడగాలి. ఆర్డర్లు తీసుకోవడం నాకు వచ్చు, ఇవ్వడమూ వచ్చు. అడగడం రాదు.

అప్పుడు సర్జన్ గారి మాట గుర్తొచ్చి పందెం పెట్టాను. కవరులో ఆరు వందల డాలర్లు, ఎనిమిది మంగళవారాలు, అన్నిటికన్నా చిన్న పందెం బల్ల. కవరు మూడు వందల కిందికి దిగితే తాళం దానిది. దిగకపోతే నా డ్రైవింగ్ మీద ఇంకో మాట ఎత్తకూడదు.

"క్యాసినోనా? ఆర్ యూ సీరియస్?" అంది. దానిది బ్యాంకులో రిస్క్ లెక్కలు చూసే ఉద్యోగం. కాసేపు ఆలోచించి చెయ్యి కలిపింది. "డన్. కానీ చీకటి పడేలోపు ఇంట్లో ఉండాలి."

ఆట తెలియనివాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్తాను. ప్రతివాళ్ళకీ రెండు ముక్కలు రహస్యంగా ఇస్తారు. మధ్యలో అందరికీ కలిపి ఐదు తెరుస్తారు, ముందు మూడు, తర్వాత ఒకటి, చివర ఇంకొకటి. మొత్తం ఏడింటిలో మంచి ఐదు ఎవరివైతే వాళ్ళు గెలుస్తారు. మధ్య మధ్యలో పందెం కాస్తారు. నచ్చకపోతే ముక్కలు పడేసి ఊరుకోవచ్చు.

నా ఎడమ పక్క కుర్చీ కిచెనర్ నుంచి వచ్చే ఐటీ ఆయనది. నలభై ఉంటాయి. నాకు మొదటి రోజే ఆసు రాగానే "అమ్మయ్య" అన్నానట.

"ఆంటీ, మనవాళ్ళేనా?"

"మీకు ఆఫీసు లేదా బాబూ?"

"వర్క్ ఫ్రమ్ హోమ్ ఆంటీ. లాప్‌టాప్ కార్లో ఉంది. పిలిస్తే పరిగెత్తుకెళ్తా." తర్వాత గొంతు తగ్గించి, "అమ్మయ్య అనకండి ఆంటీ. ఈ బల్ల మీద అది అందరికీ అర్థమవుతుంది."

ఎదుటి కొసన పంజాబీ ట్రక్కు డ్రైవరు. భారీ మనిషి, ఎర్ర తలపాగా. నాతో హిందీలో మాట్లాడేవాడు. ఆర్మీ అని తెలిసిన దగ్గర్నుంచి మేజర్ సాబ్ అని పిలిచేవాడు. గౌరవం పిలుపు వరకే. పందెంలో దయలేదు. డీలరు ఫిలిప్పీన్స్ అమ్మాయి. ఆమె చేతులు మా ఆపరేషన్ థియేటర్ నర్సుల చేతుల్లా ఉండేవి, ఒక్క కదలిక కూడా దండగ పోదు.

మొదటి మూడు వారాల్లో ఆరు వందలు నాలుగు వందల డెబ్బై అయ్యాయి. ఎక్కువ ఆటల్లో ముక్కలు పడేశాను. అది నాకు కష్టం కాలేదు. స్ట్రెచర్లు వరసగా దిగుతున్నప్పుడు దేని దగ్గర ఆగకూడదో ముందు నేర్పుతారు మాకు.

నాలుగో మంగళవారం, జనవరి ఇరవై ఎనిమిది. నా చేతిలో ఆటీను ఆసు, కళావరు ఆరు. మధ్యలో తెరిచిన ఐదింటిలో నాలుగు ఆటీన్లు. నా ఆసుతో ఐదు. ఒకే గుర్తు ఐదు వస్తే పెద్ద ఆట, అందులో ఆసు ఉంటే ఆ ఐదింటి మీద దాన్ని కొట్టేది లేదు. ట్రక్కు డ్రైవరు అరవై కాశాడు. నేనూ అరవై పెట్టాను. మధ్యలో రెండు వందల ముప్ఫై.

"చూపించండి" అంది డీలరు.

రమ్మీలో షో కొట్టేటప్పుడు మనం ఏం చేస్తాం? అక్కర్లేని ముక్కను బోర్లించి మధ్యలో పెడతాం. తర్వాత మిగతావి పరుస్తాం. పదకొండేళ్ళు ప్రతి శనివారం ఈ చెయ్యి చేసిన పని అదే. అక్కర్లేని ఆరును బోర్లించి మధ్యలోకి తోశాను. ఆసును వెల్లకిలా పెట్టాను.

డీలరు చెయ్యి అలవాటు ప్రకారం కదిలింది. బోర్లా ఉన్న ముక్క చెత్త ముక్కల్లో కలిసిపోయింది.

"మేడమ్, రెండూ చూపించాలి. ఒక్కదానితో గెలుపు ఇవ్వలేను."

"ఆ ఒక్కటే చాలు కదా. నాలుగు ఆటీన్లు అక్కడే ఉన్నాయి."

"రూల్, మేడమ్. సారీ."

సూపర్‌వైజరు వచ్చాడు. అదే రూలు చెప్పాడు. రెండు వందల ముప్ఫై ట్రక్కు డ్రైవరు ముందుకు వెళ్ళాయి. ఆయన చేతిలో ఉన్నది ఉత్త జత. చిప్స్, అంటే పందెం బిళ్ళలు, పేర్చుకుంటూ తల ఎత్తలేదు. "మేజర్ సాబ్, ఇవి తీసుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది" అన్నాడు. తీసుకున్నాడు.

కవరు మూడు వందల అరవైకి దిగింది.

ఇంట్లో సునీత విని, "సీ? నేను చెప్పేది ఇదే" అంది.

"ఇది మతిమరుపు కాదు. అలవాటు. చెయ్యి మరిచిపోలేదు, గుర్తుపెట్టుకుంది."

అది ఒప్పుకుంది. కానీ ఆ వారమంతా నేను స్టవ్ కట్టేశానో లేదో రెండోసారి వెళ్ళి చూస్తూనే ఉంది. దాని వెనక నేనూ చూస్తూనే ఉన్నాను.

తర్వాతి మంగళవారం ఐటీ ఆయన కాఫీ తెచ్చిపెట్టాడు.

"ఆంటీ, ఒకటి చెప్పనా? డబ్బు వచ్చిందా పోయిందా అని చూడకండి. ఆ టైముకి మీకు తెలిసిందాన్ని బట్టి కరెక్టుగా ఆడారా లేదా, అదొక్కటే చూడండి. తప్పుగా ఆడినా ఒక్కోసారి డబ్బు వస్తుంది. అదే డేంజర్."

"మీరు అలా ఆడతారా?"

"నేను ఆడితే ఇక్కడెందుకుంటా ఆంటీ? చెప్పడం వరకే."

మా సర్జన్ గారిదీ అదే మాట. రోగి బతికినంత మాత్రాన ఆపరేషన్ బాగా చేసినట్టు కాదనేవారు. ఆ రోజు నుంచి ఇంటికి రాగానే డబ్బు లెక్క ఒకటి, నా నిర్ణయాల లెక్క ఒకటి వేరువేరుగా చూసుకున్నాను. ఐదు, ఆరు, ఏడు వారాలు అటూ ఇటూ అయి కవరు మూడు వందల డెబ్బై రెండు దగ్గర నిలిచింది.

ఫిబ్రవరి ఇరవై అయిదు. ఆఖరి మంగళవారం. మైనస్ మూడు, తడి మంచు. సాయంత్రం నాలుగు తర్వాత పెద్ద మంచు గాలి వస్తుందని రేడియోలో హెచ్చరిక. ఆ బల్ల మీద కూర్చోవాలంటే కనీసం వంద డాలర్ల చిప్స్ కొనాలి. అది మొత్తం పోతే రెండు వందల డెబ్బై రెండు మిగుల్తుంది. తాళం పోతుంది.

పదకొండున్నర నుంచి రెండింటి దాకా దాదాపు అన్నీ పడేశాను. నా ముందు తొంభై నాలుగు మిగిలాయి. లేచి వచ్చేస్తే సరిపోయేది. కానీ ఒప్పందం ఎనిమిది పూటలు. పూట అంటే రెండున్నర దాకా. డ్యూటీ మధ్యలో లేచి రావడం నాకు తెలియదు.

రెండూ పదికి ఇస్పేటు ఆసు, ఇస్పేటు తొమ్మిది వచ్చాయి. ట్రక్కు డ్రైవరు తొమ్మిది డాలర్లు కాశాడు. ఐటీ ఆయన పెట్టాడు, నేనూ పెట్టాను. మధ్యలో ఇస్పేటు రాజు, డైమన్ తొమ్మిది, ఇస్పేటు నాలుగు. నాకు తొమ్మిదుల జత, పైగా నాలుగు ఇస్పేట్లు. ఇంకొక్క ఇస్పేటు పడితే చాలు. డ్రైవరు ఇరవై కాశాడు. ఐటీ ఆయన పడేశాడు. నేను పెట్టాను. నాలుగో ముక్క ఆటీను ఏడు. ఇద్దరం ఊరుకున్నాం.

డీలరు ఐదో ముక్క తెరిచింది. నల్ల జాకీ.

ఇస్పేటు. ఐదు ఇస్పేట్లు అయ్యాయి. నా ముఖం కదలకుండా చూసుకున్నాను. అమ్మయ్య అనలేదు.

డ్రైవరు నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత రెండు చేతులతో మొత్తం తోశాడు. నా దగ్గరున్న అరవై అయిదూ పెట్టాలి, లేదా వదులుకోవాలి.

"మేజర్ సాబ్, ఈసారి వదిలెయ్యండి. ఇంటికెళ్ళండి. మంచు పడుతోంది."

నాడి చూసుకున్నాను. పాత అలవాటు. నూట నాలుగు.

"కాల్" అని అరవై అయిదూ ముందుకు తోశాను.

ఆయన ఊపిరి వదిలాడు. రెండు ముక్కలు తిప్పాడు. ఇస్పేటు ఎనిమిది, ఇస్పేటు ఆరు. ఆయనకి ఏమీ రాలేదు. నేను నా రెండు ముక్కలనూ, రెండింటినీ, వెల్లకిలా పెట్టాను.

"తొమ్మిదుల జత" అంది డీలరు. "జత గెలిచింది."

జత ఏమిటి? ఐదు ఇస్పేట్లు కదా అనబోయాను. ఆయన ముక్కల వైపు మళ్ళీ చూశాను. ఆయనవీ ఇస్పేట్లే. నావి నిజమైతే ఆయనవీ ఐదు కావాలి. మరి ఏమీ రాలేదని ఆయన ఎందుకు ఊపిరి వదిలాడు? బల్ల మీదికి వంగాను. నాలుగడుగులు రెండడుగులయ్యాయి. జాకీ మూల మీద మూడు గుండ్రటి ఆకులు. కళావరు.

బల్లంతా గోల. "ఆంటీ! ఏం కాల్ ఆంటీ! ఉత్త తొమ్మిదులతో!" ఐటీ ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు. డ్రైవరు తలపాగా సర్దుకున్నాడు. "మేజర్ సాబ్, మా ఆవిడ కూడా నన్ను ఇంత బాగా పట్టుకోలేదు. ఎలా తెలిసింది?"

"మీరు ఇంటికెళ్ళమన్నారుగా" అన్నాను. అందరూ నవ్వారు. క్యాసినో వాటా పోగా నూట తొంభై ఆరు. కవరులో మొత్తం నాలుగు వందల అరవై ఎనిమిది.

రెండున్నరకి లేచాను. హైవే మీద కుడి లేనులోనే వచ్చాను. ముందు ఒక లారీ. దాని నంబరు ప్లేటు మీద ఉన్నది బి అక్షరమా, ఎనిమిది అంకెనా అని చదవడానికి ప్రయత్నించాను. దగ్గరికి వెళ్ళాను. వైపర్లు వేగం పెంచాను. తెలియలేదు. వెనక్కి తగ్గాను. నవంబరులో దాటిపోయిన ఎగ్జిట్ బోర్డు ఈసారి దాని కిందికి వచ్చాకే అక్షరాలైంది.

మూడూ ఇరవై అయిదుకి ఇల్లు చేరాను. సునీత ఆ రోజు ఇంటి నుంచే పని. కవరు చూసి, లెక్కపెట్టి, నన్ను వాటేసుకుంది.

"యూ వన్! ఓకే, ఐ వాస్ రాంగ్. ఇంక ఎప్పుడూ అడగను, ప్రామిస్."

నేను తాళం తీసి డబ్బు పక్కన పెట్టాను.

"ఇదేంటి? గెలిచావ్ కదా."

"ఐదో ముక్క ఇస్పేటు అనుకుని కాశాను. అది కళావరు."

"సో వాట్? డబ్బు వచ్చిందిగా."

"రోడ్డు మీద అలా రాదు."

సునీత తాళం తీసుకుంది, చేతిలోకి కాదు, రెండు వేళ్ళతో, వేడి గిన్నె తీసినట్టు. "టీ పెడతా" అంది.

మార్చి పదకొండున కంటి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు. పొరా, ఇంకేమైనానా అన్నది ఆయన తేలుస్తారు. నర్సుగా నా అనుమానం నాకుంది గానీ, నా కేసు నేను చూసుకోకూడదు. రమ్మీకి ఈ శనివారం ఎదురింటి ఆవిడను అడిగాను. దారిలోనే కదా, రండి అంది. అడగడానికి పట్టింది ఒక్క వాక్యం.

సర్వీసులో చూసినవి చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని ఏళ్ళ తరబడి నిద్రలోకి వచ్చి, తర్వాత రావడం మానేశాయి. ఇప్పుడు కళ్ళు మూస్తే వచ్చేది ఒక్కటే. పసుపు దీపం కింద ఆకుపచ్చ గుడ్డ, దాని మీద ఐదో ముక్క. నేను వంగుతాను. ఇస్పేటు మొన నెమ్మదిగా గుండ్రమవుతుంది.