మేస్త్రీ కళ్లకు ఏ లోపమూ లేదు

మేస్త్రీ పోయినాడని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను రేణిగుంట షెడ్డులో ఒక వ్యాను సీటు కింద పడుకుని ఉన్నాను. టిఫిన్ తిని మంచం మీద ఒరిగాడట, మళ్లీ లేవలేదట. "నాయన పోయినాడన్నా" అని ఆ పిల్ల ఏడుస్తుంటే నాకు ఏడుపు రాలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి. ముందు వచ్చింది ఊరట. ఆ సంగతి తెలిసిన మనిషి ఇక నేనొక్కడినే కదా అనుకున్నాను.

మీలో ఎవరికీ ఆయన తెలిసి ఉండడు. వ్యాన్లకు, జీపులకు సీట్లూ బెల్టులూ బిగించే షెడ్డు ఆయనది. నేను అందులో చేరేనాటికి నాకు ముప్పై ఆరేళ్లు. అంతకు ముందు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి వచ్చానన్న పొగరు తలకెక్కి ఉండేది. బోల్టు బిగించడం కూడా ఒకరు నేర్పాలా అనుకునేవాణ్ణి.

మొదటి రోజే ఆయన ఒక బోల్టు నా చేతికిచ్చి చదవమన్నాడు. చదవడానికి ఇదేమన్నా పేపరా అన్నాను. ఆయన నవ్వి, "బోల్టుకు తల ఉండేది పానా పట్టుకోనీకే కాదప్పా, చదువుకోనీకి కూడా" అన్నాడు. తలమీద చిన్న అంకెలు ఉన్నాయి, 10.9 అని. ముందున్న అంకె ఎంత లాగితే తెగుతుందో చెబుతుందనీ, చుక్క తర్వాతది అందులో ఎంత వరకు సాగకుండా తట్టుకుంటుందో చెబుతుందనీ వివరించాడు. తర్వాత అంకె లేని బోల్టునొకదాన్ని వైసులో బిగించి, పానాకు పొడుగు పైపు తొడిగి నన్ను తిప్పమన్నాడు. రెండు తిప్పులకే అది చెరుకుగడలా పుటుక్కుమంది. 10.9ది పెట్టి తిప్పమంటే నా భుజాలే నొప్పెట్టాయి.

ఇంకా గట్టిది కూడా ఉంది కదా, 12.9, అదే వేద్దామని నా తెలివి చూపించాను. వద్దన్నాడు. మరీ గట్టిది మొండోడి లాంటిదట, వంగడం తెలియక ఒక్కసారిగా విరుగుతుందట. సీటు బెల్టుకు కావలసింది లాగినప్పుడు ఓర్చుకునేది. "బండి గుద్దుకుంటే అరవై కేజీల మనిషి ఏనుగైపోతాడు. ఆ ఏనుగును పట్టుకోవాల్సింది ఇదొక్కటే" అనేవాడు. ఆ మాట ప్రతి డ్రైవరుకూ చెప్పేవాడు. వినీ వినీ మేము ఆయన వెనకాల ఏనుగులా చేయి ఊపి ఆటపట్టించేవాళ్లం. ఆయనకు తెలిసినా ఏమీ అనేవాడు కాదు.

అరవై దాటినా కళ్లజోడు లేదు. ప్రతి బోల్టునూ వెలుతురుకు పెట్టి, పెదాలు కదుపుతూ చదివి, అప్పుడే రంధ్రంలో పెట్టేవాడు. బియ్యంలో రాళ్లేరే ముసలమ్మకున్నంత ఓపిక. అంకె లేని బోల్టులు క్యాలెండరు తగిలించుకోవడానికని ఒక డబ్బాలో పడేసేవాడు. మధ్యాహ్నం పెరుగన్నంలో ఊరమిరపకాయ నంజుకుంటూ కూడా ఎదుటి బండి కిందికి తొంగిచూసేవాడు. నాకది చాదస్తంగా కనిపించేది.

వెనక సీట్లకూ బెల్టులు ఉండాలని అందరూ అడుగుతున్న రోజుల్లో చంద్రగిరి నుంచి ఒక డ్రైవరు తన పాత వ్యాను తెచ్చాడు. యాత్రికులను కొండకు తీసుకెళ్లే బండి. బడి రోజుల్లో డ్రైవరు పిల్లలు కూడా అందులోనే పోతారు. శుక్రవారం పొద్దున పదిన్నరకు పూజ పెట్టుకున్నాడు. గురువారం మేస్త్రీ బంధువుల ఇంట్లో కర్మ ఉందని చిత్తూరు వెళ్లాడు. పోతూ పోతూ, నాలుగు బోల్టులు తక్కువ పడతాయి, రేపు పొద్దున నేనే తెస్తాను, అంతదాకా రెండో వరుస ముట్టుకోవద్దు అని చెప్పి మరీ పోయాడు.

శుక్రవారం పది అయింది. మేస్త్రీ రాలేదు. డ్రైవరు తల్లి పూలదండ పట్టుకుని వ్యాను పక్కనే నిలబడింది. ముహూర్తం దాటిపోతుందేమోనని అందరూ నా ముఖమే చూస్తున్నారు. అంతమంది నా ముఖం చూడటం నాకు నచ్చింది, అదీ నిజం. పక్క షాపులో స్టెయిన్‌లెస్ బోల్టులు తెచ్చాను. తళతళా మెరుస్తున్నాయి, తుప్పు పట్టవు. బెల్టుకు కావలసిన బలం వాటికి లేదనీ, అవి వంటింటి సింకుకు వాడేవనీ మేస్త్రీ నాకు పదిసార్లు చెప్పి ఉన్నాడు. అయినా నాలుగూ బిగించేశాను.

బిగించాక భయం పట్టుకుంది. మేస్త్రీ వస్తే చదువుతాడు. అప్పుడు నేను చేసిన పని వింటే మీరు నన్ను మనిషి కింద లెక్కకట్టరు. పూజ పళ్లెంలోని పసుపు తడిపి ఆ నాలుగు తలలకూ మందంగా పూశాను, మీద కుంకుమ పెట్టాను. అనుమానం రాకూడదని మిగతా బోల్టులకూ పెట్టాను. ముసలమ్మ చూసి, ఎంత భక్తి నాయనా అని నా తల నిమిరింది.

బస్సు ఆలస్యమై మేస్త్రీ అప్పుడే దిగాడు. చెప్పులు విడిచి వ్యానెక్కి వంగాడు. బొటనవేలితో పసుపు తుడవబోయి, ముసలమ్మ వైపు చూసి ఆగిపోయాడు. పూజ ముందర బొట్టు చెరపడానికి ఆయనకు మనసొప్పలేదు.

"అన్నీ చదివే బిగించినావా?" అని అడిగాడు.

"చదివే బిగించినా మేస్త్రీ" అన్నాను. అబద్ధం కూడా కాదు చూడండి. చదివే బిగించాను.

సరైనవే నేను ఎక్కడో సంపాదించాననుకుని ఆయన ఆ మాట నమ్మాడు, బోల్టును తాకి కళ్లకద్దుకున్నాడు. నిమ్మకాయలు తొక్కించి వ్యాను వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున షెడ్డు ఊడుస్తూ స్టెయిన్‌లెస్ బోల్టుల కవరు చూశాడు. తను తెచ్చిన నాలుగు బోల్టులు కాగితం పొట్లంలో అట్లే ఉన్నాయి. ఎక్కడ వేశావని మాత్రం అడిగాడు. చెప్పాను. తిట్టలేదు. పొట్లమూ పానాలూ స్కూటరులో పెట్టి నన్ను వెనక ఎక్కమన్నాడు.

మేము చంద్రగిరి చేరేసరికి వ్యాను యాత్రికులతో కొండకు వెళ్లిపోయింది. మేస్త్రీ ఫోన్ చేస్తూనే ఉన్నాడు, తగల్లేదు. డ్రైవరింటి అరుగు మీద కూర్చున్నాం. ముసలమ్మ మజ్జిగ తెచ్చిస్తే ఆయన గ్లాసు పట్టుకున్నాడే గానీ తాగలేదు. ఘాట్ రోడ్డులో ఏ బస్సో అడ్డం వచ్చి గట్టిగా బ్రేకు వేయాల్సి వస్తే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. నాలుగు గంటలు ఆ మనిషి రోడ్డు మీది నుంచి కళ్లు తిప్పలేదు.

వ్యాను వచ్చింది. అందరూ దిగిందాకా చూసి, మేస్త్రీ లేచి డ్రైవరు దగ్గరికి పోయాడు.

"తప్పు బోల్టులు పడినాయప్పా. నాదే పొరపాటు. కండ్లు సరిగా ఆనలేదు" అన్నాడు.

డ్రైవరు మండిపడ్డాడు. పిల్లలు కూర్చునే సీటు, నీ చేతిని నమ్మి వస్తే ఇదా చేసేది, కళ్లు ఆనకపోతే ఇంట్లో కూర్చోవచ్చు కదా అన్నాడు. మేస్త్రీ తలవంచుకుని విన్నాడు. ఆ మాటలన్నీ నాకు చేరాల్సినవి. నేను పానా పట్టుకుని ఆయన పక్కనే నిలబడ్డాను. నోరు తెరవలేదు. నాలుగు బోల్టులూ ఆయనే మార్చాడు, ఒక్కొక్కటీ చదివి.

తిరిగి వస్తుంటే తుమ్మలగుంట దాటాక ఒక్క మాట అన్నాడు. "ఆడ నువ్వు నోరు తెరుస్తావని సూసినా." మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

ఆ సంగతి ఊళ్లో పాకింది. మేస్త్రీకి చూపు పోయిందని డ్రైవర్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆయన బిగించిన బోల్టును నన్ను మళ్లీ చూడమనేవాళ్లు. ఆయన ముందే! నేను వంగి చూసి, సరిగానే ఉందిలే అనేవాణ్ణి. ఆయన కళ్లకు ఏమీ కాలేదని తెలిసీ, అడిగినప్పుడల్లా వంగి చూస్తూనే ఉన్నాను. మెల్లగా ఆయన షెడ్డుకు రావడం తగ్గించాడు, తర్వాత మానేశాడు. రెండేళ్లుగా షెడ్డు నేనే నడుపుతున్నాను. నాకు తెలిసిన పనంతా ఆయన పెట్టిన భిక్షే. దానికి నేను తిరిగిచ్చింది గుడ్డివాడన్న పేరు.

పదకొండో రోజు కర్మకు చంద్రగిరి డ్రైవరు వచ్చాడు. మంచి పనివాడు, పాపం కడాకు కండ్లే మోసం చేసినాయి అని నలుగురితో అంటున్నాడు. మేస్త్రీ కూతురు విస్తరి వేస్తూ ఆ మాట విని తల దించుకుంది. ఆ పిల్ల తల దించుకోవడం చూశాక కలిపిన ముద్ద విస్తట్లో వదిలేసి లేచాను.

అక్కడికక్కడే అందరి ముందూ చెప్పాను. ఆ పసుపు సంగతి కూడా దాచలేదు. మేస్త్రీ కూతురు విస్తళ్లు కింద పెట్టి లోపలికి పోయింది. మళ్లీ నా ముందుకు రాలేదు.

"ఇన్నేండ్లు ఆ పెద్దమనిషిని కండ్లు కనపడనోడని సెప్పుకుంటా తిరిగినానే" అన్నాడు డ్రైవరు.

చేయి కడుక్కుని బయట నిలిపిన వ్యాను దగ్గరికి నడిచాడు. నేనూ వెంట వెళ్లాను. వెనక తలుపు తీసి, ఇవి మేస్త్రీ బిగించినవే కదా అని అడిగాడు. అవునన్నాను. ఆ సీట్లను ముట్టుకోలేదు. ముందు తలుపు తీశాడు. అక్కడి బెల్టులు పోయినేడు కొత్తవి వేసింది నేను. ఎవరు బిగించారని అడగకుండానే ఆయనకు గుర్తొచ్చినట్టుంది. రోడ్డు మీదే మోకాళ్ల మీద కూర్చుని, పైగుడ్డతో మొదటి బోల్టు తల తుడిచి, దగ్గరికి వంగి చదివాడు. 10.9. సరైన బోల్టే వేశాను, అంకె చెప్పడానికి నోరు తెరిచి మూసుకున్నాను. రెండోది చదివాడు.

"నీడ పడతాండాది, పక్కకు జరుగు" అన్నాడు తలెత్తకుండా.

జరిగాను. ఆయన మూడో బోల్టు తుడవసాగాడు.