మొకిచి కప్పు మీద రాక్షసుడు

మా సరస్సు ఒడ్డుకు జూన్ వానలు ఏటా మాట తప్పకుండా వస్తాయి. మొకిచి ఇంటికప్పే ఏ మాటా నిలబెట్టుకునే స్థితిలో లేదు. పెంకులకు నాచుపట్టి, పొరలుగా ఊడి, బయట వాన వెలిసినా ఇంట్లో ఇంకాసేపు కురిసేది.

అతని భార్య ఫుసాయె గడువు పెట్టింది.

"ఈ వానల్లో నా మీద ఒక్క చుక్క పడిందా, ఓత్సులో మా అక్క దగ్గరికి వెళ్ళిపోతాను. మీరూ, మీ బకెట్లూ హాయిగా కాపురం చేసుకోండి."

మేస్త్రీ చెప్పిన ధర విని, మొకిచి అతనికి టీ కూడా పోయకుండా సాగనంపాడు. జీవితమంతా బస్సు నడిపినవాడికి పెంకులు పరచడం ఒక లెక్కా? ఫోనులో వీడియోలు చూశాడు. నడుముకు తాడు కట్టి, రెండో కొస పెరట్లో చెట్టుకు కట్టాడు. చెట్టు అతనికంటే ముందే భయపడి ఆకులు రాల్చింది.

పక్కవీధిలో సాకే సారా కొట్టువాళ్ళ పాత గోదాము కూలగొడుతూ పెంకులు ఊరికే ఇచ్చారు. వాటితోపాటు ఇంటికొప్పు చివర కూర్చునే కాల్చిన మట్టి రాక్షసుడి తల కూడా ఇచ్చారు. దున్నపోతు తలంత ఉంది, కోరలు మూరెడేసి. సన్యాసినుల బడిలో చదివి అబద్ధమంటే భయపడేవాణ్ణి గనుక జానెడు తగ్గించే చెబుతున్నాను.

మేస్త్రీలు అన్నిటికంటే చివర పెట్టే ఆ తలను, ఊరికే వచ్చిందన్న సంబరంలో మొకిచి అన్నిటికంటే ముందు పెట్టాడు. దాని కింద ఇల్లు చెప్పుల పెట్టెలా కనిపించింది. రెండోవైపు కప్పు ఇంకా ఖాళీగానే ఉంది.

మా దగ్గర కప్పు మీది రాక్షసుడు కీడును తరిమేస్తాడు. తరిమిన కీడు అతని చూపు ఎటుంటే అటు పోతుంది. ఇది పాలుతాగే పిల్లలకూ తెలుసు. ఈ రాక్షసుడి చూపు తిన్నగా పక్కింటి ఇసోనో వంటింట్లోకి ఉంది. ఇసోనోకు మొగుడు పోయి చాలాకాలమైంది. మొకిచి కప్పెక్కే నిచ్చెన ఆవిడది, అది ఆనే పెరడూ ఆవిడదే.

మర్నాడే వచ్చింది. "మొకిచి గారూ, నా నిచ్చెన నాకిచ్చేయండి."

"ఏమైంది వదినా?"

"పీపాలో ఊరేసిన చేప కుళ్ళిపోయింది. మీవాడి చూపు తగిలింది."

"కుళ్ళిందో ఊరిందో ఎలా తెలిసింది వదినా? రెండింటికీ వాసన ఒకటేగా."

నిచ్చెనతోపాటు పెరడూ పోయింది. ఆకాశం నల్లబడుతోంది. ఫుసాయె పెట్టె సర్దుకోవడానికి కిమోనోలు మడతపెట్టడం మొదలెట్టింది.

మొకిచి నా దగ్గరికి వచ్చాడు. "వాణ్ణి ఇటు తిప్పెయ్యరా," అన్నాను.

"ఇటు తిప్పితే మీ ఇంటి మీదికి చూస్తాడు పెద్దాయనా."

"అయితే వద్దులే, పాపం, అలవాటైన చోట ఉండనీ."

మిగిలిన విరుగుడు ఒక్కటే. దయ్యాల్ని నమిలేసే షోకీ బొమ్మను ఎదుటివాళ్ళ చూరు మీద నిలబెడితే చూపు విరుగుతుంది. అచ్చం దిష్టిబొమ్మే, కాకపోతే గడ్డం ఎక్కువ. కొంటే ఖరీదు. ఖరీదన్న మాట వింటే మొకిచికి చేతులు దురదపెడతాయి. సరస్సు ఒడ్డు బంకమట్టి తెచ్చి, పిసికి, పాత నూనె డ్రమ్ములో కాల్చాడు. నిప్పుల్లో గడ్డం రాలింది, ఒక కన్ను మూసుకుపోయింది, పొట్ట ఉబ్బింది.

ఇసోనో దాన్ని చాలాసేపు చూసింది.

"అచ్చం మా ఆయనే," అంది.

"ముఖం అంత కలిసిందా వదినా?"

"ముఖం కాదు. పనికి పిలిస్తే ఆయనా ఇలాగే ఒక కన్ను మూసేవాడు. పెట్టండి. మొగుడు చూరు మీదుంటేనే నయం, అన్నం అడగడు."

నిచ్చెన తిరిగొచ్చింది. మొదటి వాన పడేలోగా మొకిచి చివరి పెంకు సర్దాడు.

ఆ వానరోజు మధ్యాహ్నం, కప్పు ఎలా ఉందో చూసే వంకతో వాళ్ళ వసారాలో కూర్చుని టీ తాగుతున్నాను. లోపల మొగుడూ పెళ్ళాలు చాప మీద నడుం వాల్చారు. ఒక్క చుక్కా లేదు. మొకిచి నావైపు గర్వంగా చూశాడు.

అప్పుడు కప్పు మీది రాక్షసుడి గడ్డం కింద సందులోంచి ఒక చుక్క జారి, టప్పున అతని నుదుటి మీద పడింది.

ఫుసాయె తల తిప్పి చూసింది. చుక్కకూ తనకూ మధ్య దూరం కొలిచింది.

"నా మీద పడలేదు," అంది.

"అవును," అన్నాడు మొకిచి, ఊపిరి పీల్చుకుని లేవబోతూ.

"లేవకండి. మీరు లేస్తే అది చాప మీద పడి నా మీదికి చిందుతుంది. అప్పుడు ఓత్సు బండి ఎక్కాల్సి వస్తుంది."

మొకిచి మళ్ళీ పడుకున్నాడు. కాపురం నిలిచింది. ఏటా వానాకాలం అతను అక్కడే, అదే భంగిమలో ఉంటాడు. నుదుటి మీద ఆ చోట నాచు కూడా మొలిచింది. ఆదివారాలు ఫుసాయె గీకుతుంది.