పూజకు ముందు తెంపిన టేకాకు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా అవ్వ ఎప్పుడూ అదే అనేది. బడిలో పిల్లలు చాటుగా అదే అనుకుంటారు. కాబట్టి ఈ సంగతిలో తప్పు ఎవరిదని ఎక్కువ వెతకాల్సిన పనిలేదు.

ఇచ్చోడ దాటి లోపలికి పోతే వచ్చే ఒక గోండు గూడెంలో ఒకే టీచరున్న బడి. ఆ టీచర్ని నేను. పుట్టి పెరిగింది కరీంనగర్ వైపు, సాంచెల మీద బట్ట నేసే ఇంట్లో. అడవి గురించి నాకు తెలిసిందంతా పుస్తకాల్లోదే. అయినా పిల్లలకు ప్రకృతి పాఠాలు చెప్పాలని మహా ఉబలాటం. వానకాలం ఆకుల పుస్తకం, చలికాలం గింజల సంచి, ఎండకాలం పిట్టలకు నీళ్ల చిప్పలు అని రంగు పెన్నులతో చార్టు రాసి గోడకు అంటించాను. పిల్లలు దాన్ని చూసి ముసిముసిగా నవ్వుకున్నారు. నేను నేర్పబోయేవన్నీ వాళ్లు నడక వచ్చినప్పటి నుంచి చేస్తున్నవే మరి.

తొలి వానలు పడగానే ఆకుల పుస్తకం మొదలుపెట్టాం. ఒక్కొక్కరు పది రకాల ఆకులు తెచ్చి, పాత పేపర్ల మధ్య పరిచి, పైన ఇటుక పెట్టి ఆరబెట్టాలి. ఐదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. మోదుగ, ఇప్ప, తునికి, మద్ది, ఏ ఆకైనా వెనక్కి తిప్పి ఈనెలు చూసి పేరు చెప్పేది. నేను తెలుగు పేరు రాయిస్తే పక్కన గోండీ పేరు తనే రాసుకునేది. నాకు తెలియని చెట్టు వస్తే నేను మెల్లగా ఆ పిల్ల వైపే చూసేదాన్ని.

అందరి పుస్తకాల్లోనూ ఒకటే లోటు కనిపించింది. చుట్టూ ఎటు చూసినా టేకే, ఒక్కరూ టేకాకు తేలేదు. నాకేమో ఆ ఆకుతోనే పని. లేత టేకాకు అరచేతుల్లో నలిపితే ఎర్రరంగు దిగుతుందని ఎక్కడో చదివి, అది చూపించాలని తహతహలాడుతున్నాను.

"టేకాకు ఏదే?" అని ఆ పిల్లనే అడిగాను.

"ఇంకా పూజ గాలే మేడం. పటేల్ పూజ చేసినంకనే తెంపాలె. అప్పటిదాంక ముట్టొద్దు."

"పూజ ఎప్పుడు?"

"ఏమో. పెద్దోళ్లు చెప్తరు."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. "చదువుకునే పిల్లవు, గిసొంటి మాటలు మాట్లాడుతవా? రేపు ఆకు తేకపోతే నీ పుస్తకం నాకు చూపియ్యకు" అని అందరి ముందూ కసురుకున్నాను. దసరా నాడు మా బాపు సాంచెలకు బొట్లు పెట్టి, ఆ రోజంతా ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. చెయ్యి పెట్టబోతే వీపు మీద ఒక్కటి పడేది. దాన్ని నేనెన్నడూ మూఢనమ్మకం అనలేదు, మా ఇంటి పద్ధతి అనుకున్నాను. వీళ్లదైతే మాత్రం నేను పోగొట్టాల్సిన అజ్ఞానం.

మర్నాడు ఆ పిల్ల నోటుబుక్కులో దాచుకుని ఒక లేతాకు తెచ్చింది. నా బల్ల మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. నేను సంబరంగా సగం చింపి తన చేతికిచ్చి నలపమన్నాను. మిగతా సగం నేను నలిపాను. ఇద్దరి చేతులూ ఎర్రబడ్డాయి. చూడమంటే మిగతా పిల్లలెవరూ దగ్గరికి రాలేదు. నేను సబ్బు పెట్టి కడుక్కున్నాను. ఆ పిల్ల బోరింగు దగ్గర మట్టితో రుద్దుకుంది, అయినా రంగు పూర్తిగా పోలేదు. సబ్బు తనకూ ఇవ్వాలని నాకు తట్టనే లేదు.

రెండు రోజులు ఆ పిల్ల బడికి రాలేదు. మూడో రోజు పొద్దున్నే గూడెం పెద్ద, అందరూ పటేల్ అనే ముసలాయన, ఆ పిల్ల తండ్రితో కలిసి బడికి వచ్చాడు. వాళ్ల వెనకే పిల్ల. పటేల్ గొంతు పెంచలేదు.

"పిల్ల చేతులు ఎర్రగుంటే అడిగినం మేడం. నేనే తెంపిన అంటుంది. మీరేమన్న చెప్పిండ్రా? చెప్పి ఉంటే చెప్పుండ్రి, ఫికర్ లేదు. మీకు మా పద్ధతి ఎరుకలేదు గదా."

అంత మెత్తగా అడిగిన మనిషికి నిజం చెప్పడం ఎంతసేపు? నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల అంది: "మేడం చెప్పలే. నేనే తెంపిన."

నాకంటే ముందొచ్చిన టీచర్లు నాలుగు నెలలు తిరక్కుండానే బదిలీ చేయించుకుని పోయారట. నేనూ పోతానని భయపడి అన్నదో, నా కోపానికి భయపడి అన్నదో తెలియదు. నేను మాత్రం, "ఆకులు తెమ్మన్న గని, టేకాకు అని అనలే" అన్నాను. నిజం చెబితే గూడెం నన్ను నమ్మదని, పిల్లలు బడి మానేస్తారని తర్వాత నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడానికి నామోషీ, అంతే.

ఆ ఏడు పూజకు ఆ పిల్ల రాకూడదని పటేల్ చెప్పాడు. అడవిలో పూజ, అక్కడే వంట, కొత్త టేకాకుల్లో భోజనం, పొద్దు గుంకేదాకా ఆటలు. పిల్లలు ఏడాదంతా ఎదురుచూసే రోజు అది. ఆ పిల్ల ఏడవలేదు. టైమయిందని పోయి బడిగంట కొట్టింది.

పది రోజుల తర్వాత పూజకు నన్నూ పిలిచారు. పోవద్దనుకున్నాను. పోకపోతే అనుమానం వస్తుందని పోయాను. చెట్ల కింద అందరినీ వరసగా కూర్చోబెట్టారు. బయటి నుంచి వచ్చిన మనిషినని గౌరవంగా తొలి ఆకు నా ముందు వేశారు. వేసింది ఆ పిల్ల తండ్రే. జొన్నగట్క పెట్టి పప్పు పోశాడు. ఏదో ఒకటి మాట్లాడాలి కనుక, "బిడ్డ ఏం చేస్తుంది?" అని అడిగాను.

"ఇంట్ల ఒక్కతే ఉన్నది మేడం. మీ ఆకుల పుస్తకం ముంగటేసుకుని కూసున్నది." ఇంకొంచెం పప్పు పోసి గొంతు తగ్గించాడు. "మా ఆడోళ్లు జర మిమ్మల్ని అనుమానపడ్డరు. నేను ఒప్పుకోలే. నా బిడ్డ అబద్ధం ఆడదు, మేడం దగ్గర చదువుకునే పిల్ల అన్న."

నేను తల ఊపి, ఇంకో ముద్ద కలుపుకున్నాను.