బావ నడుములో స్క్రూలు

మా బావ ఇళ్లల్లో టైల్స్ పరుస్తాడు. బతుకులో సగం గొంతుక్కూర్చునే గడిపాడు. నడుము నొప్పి ఆయనకి చెప్పాపెట్టకుండా వచ్చి తిష్ఠ వేసిన చుట్టం. పొమ్మనలేడు, భరించలేడు. అది కాలిలోకి దిగాక అక్కా నేనూ ఆసుపత్రికి లాక్కెళ్లాం.

"పూసల మధ్య మెత్తగా ఉండాల్సిన డిస్కు అరిగి బయటికి పొడుచుకొచ్చింది. కాలి నరాన్ని నొక్కుతోంది. ఆపరేషన్ చేయాలి" అన్నాడు డాక్టరు.

బావ జేబులోంచి నేల వాలు చూసే రసమట్టం తీసి నేల మీద పెట్టాడు. అందులోని బుడగ ఓ పక్కకి జరిగింది.

"నేలే తిన్నగా వేయించుకోలేదు, నా వెన్ను తిన్నగా పెడతారా?"

"నేల నేను వేయలేదండీ" అని నవ్వాడు డాక్టరు.

మా బావ పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఇంటికొచ్చేశాం. భయమేస్తోందని చెబితే ఆయన సొమ్మేం పోయింది? కోయించుకుంటే మళ్లీ పనికి కూర్చోలేనేమోనని ఆయన దిగులు. పని లేకపోతే తానెందుకూ కొరగాడని ఆయన లెక్క.

తర్వాత ఒక కొత్తింట్లో పని. సిమెంటు కలిపి అందించేది అక్కే, పెళ్లయినప్పట్నుంచీ అంతే. మంచినీళ్లకని లేచిన బావ, తానే అప్పుడే పరిచిన వరస మీద నుంచి నడిచి వెళ్లిపోయాడు. టైల్స్ కుంగాయి. ఎడమకాలి చెప్పు మధ్యలోనే జారిపోయింది. రెండూ ఆయనకి తెలియలేదు.

అక్క చెప్పు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఏమయ్యా, కాలు చచ్చుబడిపోతోంది. ఇంకా ఆ ఆసుపత్రి నేల గురించే మాట్లాడతావా?"

మర్నాడు నోరెత్తకుండా ఆసుపత్రికి వచ్చాడు.

అరిగిన డిస్కు తీసేసి, రెండు పూసల్నీ స్క్రూలతో బిగించారు. కాలికి స్పర్శ మెల్లగా వచ్చింది, నడిచాడు. కానీ వంగి చేసే పనులు, బరువులు ఇక వద్దన్నారు. ఆ మాట విన్నాక చాలా రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేనెంత ఆటపట్టించినా ఇటు తిరగలేదు.

ఆ ఇంటి పని సగంలో ఆగిపోయింది కదా, అక్క తాపీ పట్టింది. బావ కుర్చీలో కూర్చుని ప్రాణం తోడేశాడు.

"ఎడమకి జరుపు. అబ్బా, అంత కాదే."

"అంత తెలిస్తే కిందకి దిగి నువ్వే పెట్టు" అని అక్క వెంటనే నాలిక్కరుచుకుంది.

రోజులు గడిచేకొద్దీ సణుగుడు తగ్గింది. చివరి గదిలో అసలు నోరు మెదపలేదు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు పాపం.

పక్క స్థలంలో ఇల్లు కట్టుకుంటున్నాయన చూడ్డానికొచ్చాడు.

"పని బాగుంది. మేస్త్రీ మీరేనా?" అని బావనే అడిగాడు.

ఇన్నేళ్లూ ఆ ప్రశ్నకి బావ ఛాతీ విరుచుకునేవాడు. ఇప్పుడు కుర్చీ పట్టుకుని మెల్లగా లేచాడు.

"కాదండీ, మేస్త్రీ ఆవిడ. మీ ఇంటి సంగతి ఆవిడతోనే మాట్లాడుకోండి" అని పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

అక్క తలెత్తలేదు. చేతిలో ఉన్న టైల్‌ని మాత్రం చాలాసేపు కింద పెట్టలేకపోయింది.