కళ్లు మూసుకోని మా సిస్టమ్ సారు

మీ పేరు రాసి ఉందని మీకెవరు చెప్పారు? మీరు తెరిచి చూశారా?

ప్రార్థన సభల్లో ప్రసంగిస్తూ ఏళ్ల తరబడి నేను వేస్తున్న ప్రశ్నే ఇది. అప్పుడు పరలోకంలో ఉన్న జీవగ్రంథం గురించి అడిగేవాణ్ణి. ఇప్పుడు నందిగామలో మన ఆసుపత్రి కంప్యూటరు గురించి అడుగుతున్నాను. దాన్ని కనిపెట్టుకొని ఉన్న మా సిస్టమ్ సారు పోయిన శనివారం పొద్దున కన్నుమూశారు. బస్టాండులో టీ తాగుతూ గుండె పట్టుకొని కూలబడ్డారట. కబురు తెచ్చిన అంబులెన్సు డ్రైవరును "నీకెవరు చెప్పారు? నువ్వు చూశావా?" అని నిలదీశాను. చెవిన పడ్డ ప్రతి కబురునూ అలా నిలదీయడం ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఆయన చావు కబురును కూడా ఆయన పద్ధతిలోనే అనుమానించాను.

నేను ఓపీ కిటికీ దగ్గర రోగుల పేర్లు కంప్యూటర్లో ఎక్కిస్తుంటాను. బైబిలు వాక్యం సొంతంగా చదువుకున్నాను, కంప్యూటరు ఆయన దగ్గర నేర్చుకున్నాను. మొదట్లో ఆయనంటే నాకు పడేది కాదు. పొద్దున్నే ఆసుపత్రి హాల్లో ప్రార్థన జరుగుతుంటే ఆయన వెనక నిలబడి, సర్వరు గది తలుపు వైపు కళ్లప్పగించి చూసేవారు. బొట్టు పెట్టుకునే మనిషి, పెట్టుకోనివ్వండి. కళ్లు మూసుకోవడానికేం? ఒకరోజు అడిగేశాను.

"సారూ, దేవుడి ముందు కూడా కళ్లు మూసుకోరేంటండి?"

"మొన్న కావలివాడు కునుకు తియ్యకూడదని గంటసేపు చెప్పావుగా బ్రదరూ. నన్నేం చెయ్యమంటావ్ మరి?"

నా ప్రసంగాన్ని నాకే అప్పజెప్పారు. ఆయన విన్నారని కూడా నేననుకోలేదు.

మన ఆసుపత్రికి రెండు సర్వరు మిషన్లు. నందిగామలో నేనొక పేరు ఎక్కిస్తే, క్షణాల్లో జగ్గయ్యపేట శాఖలో ఉన్న మిషన్లోనూ అదే పేరు పడుతుంది. మున్నేరు పొంగి ఇక్కడికి నీళ్లొచ్చినా, ఈ గది కాలిపోయినా, పేట మిషను పని అందుకుంటుంది. నాకది అద్భుతంలా తోచేది. సారుకు దాని మీదా అనుమానమే. శనివారం శనివారం బస్సెక్కి పేట వెళ్లేవారు. అక్కడి కాపీ తెరిచి, పేర్లు ఎన్నున్నాయో చూసి, నాకు ఫోను చేసేవారు. "అక్కడెంత?" ఇదే పలకరింపు. నేను చెప్పిన అంకె చిన్న పుస్తకంలో పెన్సిలుతో రాసుకునేవారు. పెన్ను వాడొచ్చు కదండీ అంటే, "పెన్నుతో రాస్తే నిజమనిపించుద్ది" అనేవారు.

సర్వరు గది తాళం వేసి మూడుసార్లు లాగేవారు. మెట్లు దిగి, మళ్లీ ఎక్కొచ్చి ఇంకోసారి లాగేవారు. "కాపీ ఉంది ఉంది అంటారు. తెరుచుకుంటేనే ఉన్నట్టు" అని కొత్తగా చేరిన వాళ్లందరికీ చెప్పేవారు.

సాఫ్ట్‌వేరు కొత్త వెర్షను వచ్చినప్పుడు ఆయన వరస ఒకటే. పేట మిషనును నందిగామ నుంచి విడదీసి, ముందు దానికి కొత్తది ఎక్కించేవారు. రెండు చోట్లా లెక్క చూసుకొని మళ్లీ కలిపేవారు. పనంతా పేట మీదకు మార్చి, అప్పుడు గాని నందిగామ మిషను ముట్టుకునేవారు కాదు. "రెండూ ఒక్కసారే చేస్తే సగం రోజులో అయిపోద్ది కదండీ" అన్నాను. "ఏరు దాటేటప్పుడు రెండు కాళ్లూ ఒక్కసారే ఎత్తుతావా?" అన్నారు.

ఇక నా పాపం చెప్పాలి. చెప్పకుండా ఆయన్ని పొగిడితే అది అబద్ధసాక్ష్యం.

మనలో చాలామందికి రెండేసి పేర్లు. రేషన్ కార్డులో ఒకటి, ప్రార్థన మందిరంలో ఒకటి. ఆసుపత్రికి ఒకసారి కార్డు పట్టుకొచ్చి ఆ పేరు రాయిస్తారు, ఇంకోసారి ఉత్త చేతుల్తో వచ్చి బాప్తిస్మం పేరు చెప్తారు. మనిషొకరు, రికార్డులు రెండు. ఒక అప్‌గ్రేడు రోజు, సారు పేటలో ఉండగా, నాకు రోషం వచ్చింది. బాప్తిస్మంతో పాత మనిషిని విడిచిపెట్టమని మైకులో అరిచేవాణ్ణి, పాత పేర్లను నా చేతుల్తో కాపాడటమేంటి అనుకున్నాను. నాకు తెలిసిన అక్కలవి పదిహేడు పాత పేర్లు వరుసగా తీసేశాను. గొప్ప పరిచర్య చేశానన్న ధీమాతో వాక్యం తెరుచుకొని కూర్చున్నాను.

మధ్యాహ్నం ఫోను మోగింది. "అక్కడెంత?"

చెప్పాను.

"మళ్లీ చదువు." మళ్లీ చదివాను. "పొద్దున విడదీసినప్పటికంటే తగ్గిందయ్యా. జనం వస్తా ఉంటే పెరగాలి గాని తగ్గుద్దేంటి?"

"కొత్త వెర్షను తేడా ఏమోనండి. పచ్చ లైటు వెలుగుతోందన్నారుగా, కలిపేయండి సార్."

"పచ్చ లైటుకి మిషను లేచిందని తెలుసు. పేర్ల సంగతి దానికేం తెలుసు? ఇప్పుడు కలిపితే అక్కడ పోయినవి ఇక్కడా పోతాయి. ఇది అద్దం బ్రదరూ. నువ్వు మొహానికి మసి పూసుకుంటే అదీ పూసుకుంటది."

అప్పటిదాకా నాకా సంగతి తెలియదు. కాపీ నన్ను కాపాడుతుందనే అనుకున్నాను. నా తప్పును కూడా అంతే నమ్మకంగా రాసుకుంటుందని ఊహించలేదు. అయినా నోరు విప్పలేదు. సిగ్గు.

అప్పుడే ఇంజెక్షన్ గదిలోంచి సిస్టర్ కేకేసింది. "బ్రదర్ గారూ, వత్సవాయి కరుణమ్మ గారు. కొడవలి తగిలి కాలు తెగింది, చీము పట్టింది. పడని మందులేమన్నా రాసున్నాయా?"

చూశాను. కరుణమ్మ పేరు ఎదురుగా ఖాళీ. ఆమె కార్డు పేరు తిరపతమ్మ. ఆ పేరు పొద్దున నేను తీసేసిన పదిహేడింటిలో ఉంది. సిస్టర్ సిరంజి నింపుతోంది. ఫోను ఇంకా నా చెవి దగ్గరే ఉంది.

"సారూ, నేనే తీసేసా. పాత పేర్లన్నీ నేనే. తిరపతమ్మ అని కొట్టండి, వత్సవాయి."

ఫోనులో కీబోర్డు చప్పుడు. తర్వాత ఆయన గొంతు. "పెన్సిలిన్ పడదు. ఎర్రక్షరాల్లో ఉంది. ముందు సిస్టర్ని ఆపు, తర్వాత ఏడువు."

ఏ సభలోనూ అంత గట్టిగా అరవలేదు నేను. సూది ఆగింది. కరుణమ్మక్క బల్ల మీద నుంచే నవ్వింది. "ఏందయ్యా, ఇక్కడ కూడా కేకలేనా?"

పేట కాపీలోంచి పదిహేడు పేర్లూ సాయంత్రానికి ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. రెండు పేర్లనూ ఒకే మనిషికి ముడేసి, లెక్క సరిపోయాకే సారు మిషన్లు కలిపారు. జరిగింది నా చేతే రిజిస్టరులో రాయించారు. "నా మీద అనుమానం పోదు కదండీ ఇక" అన్నాను. "చెడ్డవాడు తుడిచేటప్పుడు వెనకాముందూ చూసుకుంటాడు బ్రదరూ. మంచివాడికి చెయ్యి వణకదు. అందుకే నిన్ను రెండుసార్లు లెక్కెడతా" అన్నారు.

ప్రభువు గాయాలు తాకితే గాని నమ్మనన్న శిష్యుణ్ణి అంతకుముందు సభల్లో ఏకిపారేసేవాణ్ణి. ఆ రోజు నుంచి మానేశాను. తాకి చూస్తానన్నాడు, తాకనిచ్చారు. ఒక ఆడమనిషి ప్రాణం అలాంటి అనుమానం వల్లే నిలవడం నేను కళ్లారా చూశాను.

ఇప్పుడు వినండి. పోయిన శుక్రవారం పొద్దుపోయేదాకా సారు పేటలో ఉండి, అక్కడి మిషనుకు మళ్లీ కొత్త వెర్షను ఎక్కించారు. శనివారం మళ్లీ వెళ్లి లెక్క చూడాలి. ఆ బస్సు కోసమే బస్టాండుకు వచ్చారు. అప్పటి నుంచి పేట మిషను విడిగానే ఉంది. సాఫ్ట్‌వేరు కంపెనీ వాళ్లు పరామర్శకొచ్చి, "పచ్చగానే ఉంది కదండీ, సోమవారం పొద్దున్నే కలిపేసి నందిగామది కూడా అదే ఊపులో చేసేస్తాం" అన్నారు. పెద్ద డాక్టరమ్మ గారు తలూపారు. నేను వాళ్లను నమ్మను. పదిహేడు పేర్లు తుడిచిన నన్ను నేనూ నమ్మను. ఇవాళే ఆ సోమవారం. డాక్టరమ్మ గారిని బతిమాలితే ఈ సాయంత్రం దాకా గడువిచ్చారు.

ఆయన జ్ఞాపకార్థ కూడికలో ఈ కాగితం అందుకున్న అక్కలారా, అన్నలారా, రేపు అనకండి. రెండు పేర్లున్నవాళ్లు, ఏదైనా మందు పడనివాళ్లు, ఇవాళే, ఇటునుంచిటే నా కిటికీ దగ్గరికి రండి. పేట వైపు వాళ్లు ఆ శాఖకే వెళ్లండి. రెండు పేర్లూ చెప్పండి. మీ కళ్ల ముందే తెరిపించుకోండి. ఉందని నేనంటే ఒప్పుకోకండి, చూపించమనండి.

సారు పుస్తకం కిటికీ దగ్గరే తెరిచి పెట్టాను. చివరి పేజీలో నందిగామ అంకె పెన్సిలుతో రాసి ఉంది. పక్కనే సారు శనివారం రాయాల్సిన పేట గడి ఖాళీగా ఉంది. పెన్సిలు చెక్కి ఉంచాను. రండి.