సొరుగులో ఉండిపోయిన దరఖాస్తు

నేను హెడ్మాస్టరుగా చేసిన చివరి ఊరు గురజాలకు దగ్గర. పదో తరగతిలో ఎవరి బడిలో ఎంతమంది తప్పారో మండల సమావేశంలో చదివి వినిపించేవారు. మా బడి పేరు వచ్చినప్పుడు నేను తల దించుకునేవాణ్ణి. ఒక్కరూ తప్పని ఏడాది ఒక్కటి కావాలనుకున్నాను. దానికి పాఠాలు గట్టిగా చెప్పించడం ఒక దారి. నేను ఇంకో దారి పట్టాను.

పరీక్షల ముందు, చదువులో వెనకబడిన నలుగురి తండ్రులను ఒక్కొక్కరిగా గదిలోకి పిలిచాను. టీసీ తీసుకుని ఓపెన్ స్కూల్లో రాయించమన్నాను. ముగ్గురు వెంటనే సంతకం పెట్టారు. నాలుగో ఆయన మోటార్ల మెకానిక్కు. బడి బోరు మోటారు ఎప్పుడు కాలినా బాగుచేసి, కూలి వద్దనేవాడు. ఆయన కూతురికి లెక్కలు రావు.

"తప్పితే తప్పిద్ది సార్. మీ బళ్ళోనే తప్పనీయండి," అన్నాడు.

"పిల్ల మంచికే చెప్తున్నా భాయ్. దరఖాస్తు నేనే పంపిస్తా."

"మీరే పంపిస్తే ఇంకేంది సార్," అని సంతకం పెట్టాడు.

మర్నాడు ఆ పిల్ల ఫోటో తెచ్చింది. నేను నింపిన దరఖాస్తు కింద మెల్లగా, అక్షరం అక్షరం సంతకం చేసింది. దాన్ని బల్ల సొరుగులో పెట్టాను.

పంపలేదు. మరిచిపోయానని చాలాకాలం చెప్పుకున్నాను. సొరుగు రోజూ తీసేవాణ్ణి. స్టాంపు ప్యాడ్ దాని మీదే ఉండేది. టీసీ ఇవ్వడంతో ఆ పిల్ల నా బాధ్యత కాకుండా పోయింది, అంతే. హాల్ టికెట్ కోసం తండ్రి వస్తే, రేపు రమ్మని అటెండరుతో చెప్పించాను. రెండుసార్లు. మూడోసారి ఆయన రాలేదు.

మా బడిలో అందరూ పాసయ్యారు. నాకు శాలువా కప్పారు. సంతోషం కలిగిందో లేదో గుర్తు లేదు. శాలువా మెడ దగ్గర గుచ్చుకుంది, అది గుర్తుంది.

జూన్‌లో బట్టల కొట్టామె, తొమ్మిది పాసైన కొడుకు టీసీ కోసం వచ్చింది.

"అదేందమ్మా, రిజల్టు ఇంత బాగా వస్తే?"

"వచ్చిందిగా సార్. పరీక్షలప్పుడు మీరు పంపించే బదులు ఇప్పుడే తీసుకుపోతే, మీకూ పని తప్పిద్ది."

వెనక నిలబడ్డ ఇద్దరు నవ్వారు. వాళ్ళూ టీసీలకే వచ్చారు.

ఆ వారమే బోరు మోటారు కాలింది. కబురు పంపితే ఆ పిల్ల తండ్రే వచ్చాడు. పిల్లలు నీళ్ళు తాగాలిగా అన్నాడు అటెండరుతో. మోటారు బిగిస్తుంటే నేను దరఖాస్తు తీసుకుని వెళ్ళాను.

"ఇది నేను పంపలేదు భాయ్. ఈ ఏడు దగ్గరుండి రాయిస్తా."

ఆయన చేతులు తుడుచుకుని కాగితం అందుకున్నాడు. కింద కూతురి సంతకం మీద వేలు పెట్టి చూశాడు.

"వద్దులే సార్. పిల్ల వాళ్ళమ్మతో పత్తి విత్తనాలు పెట్టడానికి పోతంది. తను సంతకం సరిగ్గా పెట్టలేదని, అందుకే టికెట్టు రాలేదని అనుకుంటంది."

"నేనే మీ ఇంటికొచ్చి పిల్లకి చెప్తా," అన్నాను.

ఆయన దరఖాస్తు మీది కూతురి ఫోటో మాత్రం చిరగకుండా ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. కాగితం నాకిచ్చి స్విచ్ వేశాడు.

"నీళ్ళొస్తన్నాయా సార్?"

"వస్తున్నాయి."

రిటైరై నరసరావుపేటలో ఉంటున్నాను. బస్సెక్కితే గురజాల ఎంతో దూరం కాదు. ఆ ఇంటికి నేనింకా వెళ్ళలేదు.